రెడ్ బుక్ (లిబెర్ నోవుస్)

రెడ్ బుక్ అనేది స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ గుస్తావ్ యుంగ్ (1875–1961) తన కలలనూ, మెలకువలోనే కళ్ల ముందు కదిలిన దృశ్యాలనూ స్వదస్తూరీతో రాసి, బొమ్మలు కూడా తానే వేసి తయారుచేసుకున్న గ్రంథం. దానికి అతను పెట్టుకున్న లాటిన్ పేరు లిబెర్ నోవుస్, అంటే కొత్త పుస్తకం. బైండు ఎర్రతోలుది కావడంతో ఎర్ర పుస్తకం అన్న పేరే వాడుకలో నిలిచిపోయింది. 1915 ప్రాంతంలో మొదలైన ఈ పని 1930 దాకా సాగింది. యుంగ్ బతికుండగా ఇది అచ్చుకాలేదు. అతని వారసులు చాలా ఏళ్లు బ్యాంకు లాకరులో భద్రపరిచారు. సోనూ షందాసానీ సంపాదకత్వంలో 2009 అక్టోబరులో వెలువడింది. డెప్త్ సైకాలజీ, అంటే ఎరుకకు అందని మనసు లోతులను పరిశోధించే మనస్తత్వశాస్త్రం, ఎలా పుట్టిందో లోపలినుంచి చూపించే పుస్తకం ఇంతకు మించినది లేదు.

నేపథ్యం

కలకు అర్థం ఉందని ఆధునిక వైద్యంలో గట్టిగా వాదించినవాడు వియన్నా వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్. 1899 నవంబరులో వచ్చిన అతని కలల వ్యాఖ్యాన గ్రంథం మొదటి ముద్రణ 600 కాపీలే. అవి అమ్ముడుపోవడానికే ఎనిమిదేళ్లు పట్టింది. దాన్ని తొలినాళ్లలో చదివినవాళ్లలో యుంగ్ ఒకడు. అప్పటికి అతను జ్యూరిక్‌లోని బుర్గ్‌హోల్జ్‌లీ మానసిక చికిత్సాలయంలో ఆయిగెన్ బ్లాయిలర్ దగ్గర పనిచేస్తున్నాడు. రోగికి ఒక మాట చెప్పడం, వెంటనే తోచిన మాట చెప్పమనడం, జవాబుకు పట్టిన సమయాన్ని స్టాప్‌వాచ్‌తో కొలవడం అక్కడ అతను చేసిన పరీక్ష. ఎక్కడ తడబాటు ఉందో అక్కడ దాచుకున్న బాధ ఉందని తేలింది. 1907లో ఫ్రాయిడ్‌ను కలిశాడు. ఇద్దరి స్నేహం ఆరేళ్లు నడిచింది.

ఆ స్నేహాన్ని బీటలు వార్చిన వాటిలో యుంగ్ కల ఒకటి కూడా ఉంది. 1909లో ఇద్దరూ కలిసి అమెరికాకు ప్రయాణం చేసిన రోజుల్లో వచ్చింది. కలలో యుంగ్ తనదే అనిపించిన ఒక ఇంట్లో ఉన్నాడు. మేడమీద పాతకాలపు ఖరీదైన సామాను. కిందికి దిగితే గదులు మధ్యయుగాలవి. ఇంకా కిందికి దిగితే రోమన్ల కాలపు నేలమాళిగ. దాని నేలలో ఒక రాతిపలక, పలకకు ఇనుప కడియం. పైకి లాగితే మెట్లు, మెట్ల కింద గుహ, గుహలో దుమ్ము, ఎముకలు, పగిలిన కుండలు, రెండు పుర్రెలు. ఫ్రాయిడ్‌కు పుర్రెలమీదే ధ్యాస. ఎవరి చావు కోరుకుంటున్నావో చెప్పమని పట్టుబట్టాడు. గొడవ ఎందుకని యుంగ్ ఇంట్లోవాళ్ల పేర్లు చెప్పి తప్పించుకున్నాడు. అతనికి మాత్రం ఆ ఇల్లు మనిషి మనసే అనిపించింది. మనిషి సొంత జ్ఞాపకాల అట్టడుగున మానవజాతి మొత్తానికి చెందిన పొర ఒకటి ఉందన్న ఊహ అక్కడే మొలకెత్తింది. సామూహిక అచేతనం అని అతను తర్వాత పిలిచింది దాన్నే. 1913 జనవరిలో ఉత్తరాల ద్వారానే ఇద్దరి తెగతెంపులు జరిగిపోయాయి.

1913 శరదృతువు

ఆ ఏడాది అక్టోబరులో షాఫ్‌హౌజెన్‌కు రైల్లో వెళ్తుండగా యుంగ్ కళ్లకు ఉత్తర సముద్రం నుంచి ఆల్ప్స్ పర్వతాల దాకా నేలంతా వరద ముంచెత్తినట్టు కనిపించింది. పసుప్పచ్చని కెరటాలు, తేలుతున్న శిథిలాలు, లెక్కలేనన్ని శవాలు. చివరికి నీరంతా రక్తమైంది. గంటసేపు అలాగే ఉంది. రెండు వారాల తర్వాత మళ్లీ వచ్చింది. తనకు పిచ్చి పడుతోందని అతను నిజంగానే భయపడ్డాడు. 1914 ఆగస్టులో యూరప్ యుద్ధంలో పడ్డాకే, తాను చూసింది దాన్నేనని తోచి, ఆ భయం కొంత తగ్గింది.

భయపడి పారిపోకపోవడమే ఇక్కడ అసలు విశేషం. 1913 డిసెంబరు 12న బల్ల ముందు కూర్చుని, మనసును పట్టి ఉంచే ప్రయత్నం మానేసి, ఏం వస్తే అది రానిచ్చాడు. కాళ్ల కింద నేల జారిపోయి చీకట్లోకి పడిపోయినట్టు అనిపించిందని రాసుకున్నాడు. ఆ తర్వాత సాయంకాలాలు ఇదే సాధన. కనిపించినవాళ్లను పలకరించేవాడు, ప్రశ్నలు వేసేవాడు, వాదించేవాడు, అంతా నోటుబుక్కుల్లో తేదీలతో ఎక్కించేవాడు. రెడ్ బుక్‌కు మూలం ఈ రాతలే. వాళ్లలో ముఖ్యుడు ఫిలెమోన్ అనే వృద్ధుడు. ఎద్దుకొమ్ములు, లకుముకిపిట్ట రంగు రెక్కలు, చేతిలో నాలుగు తాళంచెవుల గుత్తి. ఆ బొమ్మ వేస్తున్న రోజుల్లోనే తోటలో చచ్చిన లకుముకిపిట్ట ఒకటి దొరికిందట. జ్యూరిక్ చుట్టుపక్కల అది అరుదైన పక్షి. ఆలోచనలను నువ్వు పుట్టించడం లేదు, అవి అడవిలో జంతువుల్లా నీకు ఎదురవుతున్నాయి అని ఫిలెమోన్ తనకు నేర్పాడని యుంగ్ అంటాడు.

ఈ పద్ధతికే యాక్టివ్ ఇమాజినేషన్ అని పేరు వచ్చింది. ఇది పగటికల కాదు. పగటికలలో మనిషి కొట్టుకుపోతాడు. ఇందులో తెలివితో ఉంటాడు, ఎదురు మాట్లాడతాడు, వచ్చినదానికి బాధ్యత తీసుకుంటాడు. ఆ ఏళ్లలో యుంగ్ పగలు రోగులను చూశాడు, భార్య ఎమ్మా, పిల్లలతో సంసారం చేశాడు, సైన్యంలో వైద్యుడిగా పనిచేశాడు. తనకంటూ ఒక ఇల్లు, వీధి, వృత్తి ఉండటంవల్లే తాను నిలబడగలిగానని అతనే చెప్పాడు. యుంగ్‌ను మార్మికుడిగా మాత్రమే పూజించేవాళ్లు ఈ సంగతిని పట్టించుకోరు. నా దృష్టిలో ఆ పుస్తకంలోని దేవతలకంటే ఆ దినచర్యే ఎక్కువ నేర్పుతుంది.

కళా, కాదా

ఒకరోజు రాస్తూ రాస్తూ, నేను చేస్తున్నది సైన్సు కాదు, మరి ఏమిటిది అని తనను తానే ప్రశ్నించుకున్నాడు. అది కళ అని లోపలినుంచి ఒక ఆడగొంతు పలికింది. యుంగ్ ఒప్పుకోలేదు. కళ అని సంతృప్తిపడితే అందం చూసి ముచ్చటపడి వదిలేయవచ్చు, ఆ దృశ్యాలు తన జీవితాన్ని ఏం అడుగుతున్నాయన్న ప్రశ్న మరుగున పడుతుంది. సృజన గురించి అతను చెప్పిన అన్నిటిలోకీ ఇది పదునైన మాట.

అలాగని పనితనంలో రాజీపడలేదు. మధ్యయుగపు చేతిరాత ప్రతుల తీరులో గోతిక్ అక్షరాలు, అలంకరించిన తొలి అక్షరాలు, పేజీ నిండా రంగుల చిత్రాలు. మొదటి భాగం పార్చ్‌మెంటుమీద రాసి, తర్వాతది 600 పైచిలుకు పేజీల ఎర్రతోలు పుస్తకంలోకి మార్చాడు. చాలా పేజీలు ఖాళీగానే మిగిలాయి.

మొదటి ప్రపంచయుద్ధం చివర్లో షాటో-డేలో, స్విట్జర్లాండ్ ఆశ్రయమిచ్చిన బ్రిటిష్ సైనికుల శిబిరానికి అధికారిగా ఉన్నప్పుడు రోజూ పొద్దున్నే ఒక వృత్తచిత్రం గీసేవాడు. ఒకసారి పరిచయస్తురాలి నుంచి చిరాకు తెప్పించే ఉత్తరం వచ్చింది. ఇదంతా కళేనని ఆమె వాదన. మర్నాడు గీసిన వృత్తం అంచు ఒకచోట పగిలి, పొందిక చెడి ఉంది. మనసు ఆనాడు ఎలా ఉందో ఆ చిత్రం చెప్పేస్తోందని అతనికి అప్పుడు అర్థమైంది. వీటికి మండలం అన్న సంస్కృత పదాన్నే స్థిరపరిచాడు. మనిషి ఎదుగుదల తిన్నగా సాగే గీత కాదనీ, కేంద్రం చుట్టూ తిరుగుతూ దానికి దగ్గరవడమనీ ఈ బొమ్మలనుంచే గ్రహించాడు. ఇండివిడ్యుయేషన్ అనే అతని సిద్ధాంతం సారం ఇదే: మంచివాడు కావడం కాదు, తనలో తాను ఒప్పుకోని నీడతో సహా పూర్తి మనిషి కావడం.

1927లో వచ్చిన కల దానికి ముద్ర వేసింది. చలికాలపు రాత్రి, వాన, మసిపట్టిన లివర్‌పూల్ నగరం. వీధులన్నీ కలిసేచోట గుండ్రటి కొలను, మధ్యలో చిన్న దీవి, దీవిమీద ఎర్రని పూలతో ఒంటరి మాగ్నోలియా చెట్టు. పక్కనున్నవాళ్లు వాతావరణాన్ని తిట్టుకుంటున్నారు, చెట్టును చూడనేలేదు. మరుసటి ఏడాది చైనా గ్రంథాల పండితుడు రిచర్డ్ విల్హెల్మ్ పంపిన చైనా ధ్యానగ్రంథంలో ఇవే ఊహలు కనిపించడంతో యుంగ్ రసవాదంవైపు మళ్లాడు. రెడ్ బుక్ క్రమంగా ఆగిపోయింది.

చికిత్సలో వినియోగం

కల ఏదో దాచిపెడుతుందని ఫ్రాయిడ్ అంటే, మెలకువలో లోపించినదాన్ని కల పూరిస్తుందని యుంగ్ అన్నాడు. ఒక రోగి విషయంలో చికిత్స ముందుకు సాగడం లేదు. యుంగ్‌కు వచ్చిన కలలో ఆమె ఎత్తైన కోటబురుజుమీద కూర్చుని ఉంది, ఆమెను చూడటానికి తాను మెడ బాగా వెనక్కి వంచాల్సి వచ్చింది. తాను ఆమెను చిన్నచూపు చూస్తున్నానని తెలిసింది. ఆ మాట ఆమెకే చెప్పాడు, చికిత్స దారిన పడింది.

భౌతికశాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ పౌలీ వెయ్యికి పైగా కలలు రాసిపెట్టాడు. వాటిలో సుమారు 400 కలల ఆధారంగా యుంగ్ చేసిన అధ్యయనం 1944 నాటి రసవాద గ్రంథంలో పేరు చెప్పకుండా చేరింది. నవలాకారుడు హెర్మన్ హెస్సే 1921లో యుంగ్ దగ్గర విశ్లేషణ పొందాడు.

భారతదేశంతో సంబంధం

కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించాడు. యుంగ్ 1937 చివర్లో సైన్స్ కాంగ్రెస్ రజతోత్సవానికి వచ్చి, కలకత్తాలో రక్తవిరేచనాలతో పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. దక్షిణానికి వచ్చి కూడా రమణ మహర్షిని దర్శించలేదు, తెలిసే మానుకున్నాడు. ఇతరుల జ్ఞానాన్ని అరువు తెచ్చుకోకూడదు, తన సత్యం తన చరిత్రలోంచే రావాలి అన్నది అతని పట్టుదల. ఇక తెలుగు సాహిత్యానికి వస్తే, మనోవిశ్లేషణ ఛాయలు బాగా కనిపించే నవల బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’.

విమర్శ

సామూహిక అచేతనానికి ప్రయోగశాల రుజువు లేదు. 1953లో రెమ్ నిద్ర, అంటే కలలు ఎక్కువగా వచ్చే నిద్రదశ, బయటపడింది. 1977లో పరిశోధకులు హాబ్సన్, మెకార్లీ కలలకు మూలం మెదడుకాండంలోని సంకేతాలేనని ప్రతిపాదించారు. నాజీల కాలంలో జర్మనీ కేంద్రంగా నడిచిన మానసిక చికిత్సా సంఘానికి యుంగ్ అధ్యక్షుడిగా ఉండటం అతని పేరుకు మచ్చే. ఒక్కడి అనుభవంమీద కట్టిన సిద్ధాంతం అందరికీ వర్తిస్తుందా అన్న ప్రశ్న న్యాయమైనది. చికిత్సా సిద్ధాంతంగా దానికి పరిమితులున్నాయి. తనను తాను నిజాయితీగా చూసుకున్న మనిషి వదిలిన సాక్ష్యంగా మాత్రం రెడ్ బుక్ విలువ తగ్గదు.

యాక్టివ్ ఇమాజినేషన్ సాధన అందరికీ క్షేమం కాదని యుంగే హెచ్చరించాడు. తీవ్రమైన దిగులు, గొంతులు వినిపించడం వంటివి ఉన్నవాళ్లు ముందు మనోవైద్యుణ్ణి కలవాలి. చదవదలచినవాళ్లు రెడ్ బుక్‌తో మొదలుపెట్టకపోవడమే మంచిది. సామాన్యులకోసం పుస్తకం రాయమంటే మొదట కాదన్న యుంగ్, జనసమూహం తన మాటలను అర్థం చేసుకుంటున్నట్టు కల వచ్చాక ఒప్పుకున్నాడు. అలా వచ్చిందే ‘మనిషి, అతని ప్రతీకలు’ (1964). ముందు దాన్ని చదవండి.