59 దినముల జాగు



2017వ సంవత్సరము మే నెల 12వ తేదీ శుక్రవారమునాఁడు ఇంగ్లండు దేశమందలి యనేక ప్రభుత్వ వైద్యశాలలలో గణకయంత్రముల తెరలపై ఎఱ్ఱని ప్రకటన యొకటి కనఁబడినది. మీ పత్రములన్నింటికిని తాళము వేసితిమి, 300 డాలర్లు చెల్లించినఁగాని విప్పము అని దాని తాత్పర్యము. రోగుల వివరములు వైద్యులకు అందకపోయెను. అయిదు తావులలోని రోగులు అత్యవసర చికిత్సకై దూరపు ఆసుపత్రులకుఁ బోవలసివచ్చెను. ఆ దేశపు లెక్కల తనిఖీ కార్యాలయము పిమ్మట విచారింపఁగా, ఇంగ్లండులోని 236 ప్రభుత్వ వైద్యసంస్థలలో తక్కువ పక్షము 81 సంస్థలకు ఈ బెడద తగిలినదనియు, 19,000లకుఁ బైగా వైద్యుని చూచు గడువులు రద్దయియుండుననియు తేలినది. ఆ దినములలోనే మన ఆంధ్రప్రదేశమునఁగూడ కొన్ని పోలీసు కార్యాలయముల యంత్రములు ఇట్లే మూఁతపడినవి. ఈ యుపద్రవమునకు వన్నాక్రై అని పేరు.

ఇందు విచారింపఁదగిన సంగతి వేఱొకటి కలదు. ఆ దొంగ దూఱిన కంతను పూడ్చు అతుకును, విండోసు నిర్మాతలైన మైక్రోసాఫ్టువారు మార్చి 14వ తేదీననే, అనఁగా 59 దినములు ముందుగనే, బయలుపఱచియుండిరి. ఇట్టి యతుకునే సెక్యూరిటీ అప్‌డేటు అందురు. దానిని వేసికొనుఁడని ఆరోగ్యశాఖకుఁ జెందిన సంస్థ మార్చి, ఏప్రిలు మాసములలో హెచ్చరికలు పంపెను. ఏప్రిలు 14వ తేదీన షాడో బ్రోకర్స్ అను ముఠా, అమెరికా గూఢచార సంస్థనుండి అపహరింపఁబడిన ఆ కంత రహస్యమును లోకమునకు వెల్లడించెను. మందున్నది, వ్యాధి వచ్చుచున్నదను వార్తయు నున్నది. ఐనను అనేకులు మందు వేసికొనలేదు. ఏల?

సోమరితనమని యొక్కమాటతోఁ ద్రోసివేయుట సులభము. నేనును మొదట అట్లే తలఁచితిని. కాని నేను ఉపాధ్యాయుఁడనుగా నున్న కాలమున, పాఠశాలలోని గణకయంత్రము "అప్‌డేటు ఇప్పుడా, తరువాతనా" అని యడిగినప్పుడెల్ల "తరువాత" అనియే నొక్కుచుంటినని జ్ఞప్తికి వచ్చి నోరు మూసికొంటిని. మార్కుల పట్టిక సగములో నుండఁగా యంత్రము అరగంటసేపు ఆఁగిపోయినచో ప్రధానోపాధ్యాయునకు సమాధానము చెప్పవలసినవాఁడను నేనే కదా!

ఒక సంస్థలోని వేలమంది పత్రములను ఒక్కచోట నుంచుకొని, అడిగినవారికెల్ల అందించు యంత్రమును సర్వరు అందురు. అతుకు వేయవలెనన్న తఱచుగా దానిని ఆఁపి మరల నడపవలయును. ఈ చిక్కు మీకుఁ గ్రొత్తది కాదు. చెఱువు తూము శిథిలమైనదని ఊరివారందఱకును దెలియును. బాగుచేయవలెనన్న నీరు కట్టవలయును. పైరు పొట్టమీఁద నుండఁగా నీరు కట్టుటకు ఏ రైతు సమ్మతించును? కోఁతలు కానిండు, చూతమందురు. కోఁతలైనపిదప తూము మాట తలఁచువాఁడుండఁడు. ఐనను చెఱువునకు వేసవియైనఁ గలదు. ఎండినపుడు గునపము వేయవచ్చును. ఆసుపత్రి సర్వరునకు వేసవి లేదు. అర్ధరాత్రమైనను ఏదో యొక మంచముకడ దానితోఁ బని యుండును.

ఆఁపుట కంటె పెద్ద భయము చెడుట. పాత సాఫ్ట్‌వేరుపై క్రొత్త యతుకు పడిన మఱునాఁడు ఏది పనిచేయునో, ఏది మానునో ముందుగాఁ జెప్పుట కష్టము. దేహము లోపలిభాగములను చిత్రించు ఎంఆర్ఐ వంటి పరికరములలోఁ గొన్నింట విండోసు ఇమిడియుండును. దానిని ఆసుపత్రివారు ముట్టరాదు, అమ్మినవారే బాగుచేయవలెను. భయము వట్టిది కాదనుటకు 2024వ సంవత్సరము జులై 19వ తేదీయే సాక్షి. ఆనాఁడు క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణ సంస్థ పంపిన తప్పు అప్‌డేటువలన ప్రపంచమున సుమారు 85 లక్షల యంత్రములు కూలినవి. విమానములు నిలిచిపోయినవి. హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చీటీలు చేతితో వ్రాసి యిచ్చిరి. రక్షణకై వచ్చినదే ఇట్లు చేసినపుడు, నాలుగు దినములు వేచి చూతమనువానిని నేను దూషింపఁజాలను.

అయితే వేచియుండుటయందును ఒక యపాయమున్నది. అతుకు ఎక్కడ పడినదో చూచి, కంత ఎక్కడ నుండెనో దొంగ గ్రహించును. అతుకు ప్రకటింపఁబడిన దినమునుండియే, దానిని వేసికొననివాని గోడ బలహీనత దొంగకుఁ దెలిసినట్లే.

మఱికొన్నిచోట్ల జాగునకు భయమును కారణము కాదు, ఆజ్ఞ చేరదు. జనుల ఋణచరిత్రలను భద్రపఱచు ఈక్విఫాక్స్ అను అమెరికా సంస్థ, స్ట్రట్సు అను సాఫ్ట్‌వేరునకు 48 గంటలలో అతుకు వేయుఁడని 2017 మార్చి 9వ తేదీన తన ఉద్యోగులకు ఉత్తరువు పంపినది. ఆ ఉత్తరువు పంపిన పేర్ల జాబితా పాతఁబడినది. వేయవలసినవారికి అది అందలేదు. పిమ్మట వెదకించినను లోపమున్న సర్వరు కానరాలేదు. దొంగలు మే నెల నడుమనుండి జులై చివరివఱకు లోపలనే యుండి, సుమారు 14 కోట్ల 70 లక్షలమంది వివరములను గొనిపోయిరి.

ఇంగ్లండులో హెచ్చరికలు బయలుదేరినవి. కాని వానిని పాటించినదెవరో, పాటింపనిదెవరో కనుగొనుటకు ఆరోగ్యశాఖయొద్ద ఆ మే నెలకు ముందు నియతమైన యేర్పాటే లేదు. అంతకుముందు 88 సంస్థలను తనిఖీ చేయఁగా ఒక్కటియు నెగ్గలేదు. అతుకు వేయఁబోయి యంత్రమును చెడఁగొట్టినవాఁడు మఱునాఁడే సంజాయిషీకిఁ బిలువఁబడును. వేయక యూరకున్నవాఁడు, దొంగ వచ్చువఱకు, సమర్థుఁడుగానే యుండును. ఈ లెక్కయే జాగునకు వేరని నా యభిప్రాయము. ఆ ముట్టడివలని నష్టము 9 కోట్ల 20 లక్షల పౌనులని 2018లో ప్రభుత్వము అంచనా కట్టినది. చెడిన యంత్రములలోఁ బెక్కింటికి కావలసిన యతుకు ఉచితముగానే దొరకుచుండెను.

నేఁడు కొందఱు మొదట నాలుగైదు యంత్రములకు మాత్రము అతుకు వేసి, రెండు దినములు చూచి, తరువాత తక్కినవానికి వేయుదురు. మఱికొందఱు ఒకే పనికి రెండు సర్వరు లుంచుకొని, ఒకటి బాగుపడునపుడు రెండవదానిచేఁ బని జరిపింతురు. రెండవది కొనుటకు కాగితము పెట్టఁగానే, ఆ యంత్రము తక్కిన దినములలో ఊరక నుండునేల యని లెక్కలవారు ప్రశ్న వ్రాయుదురు.