పన్నులో పాదరసం: వెండి సిమెంట్ రెండొందల ఏళ్ల కథ

ఆకివీడు నుంచి ఇంకో ఎపిసోడ్‌తో వచ్చేశా. ఈసారి టాపిక్ నా నోట్లోనే ఉంది. నిజంగానే! కింద ఎడమవైపు దవడ పన్ను. నాలుగో క్లాసులో అది పుచ్చిపోతే నాన్నగారు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆ డాక్టర్ గారు చిన్న కల్వంలో బూడిదరంగు పొడి వేసి, మెరిసే చుక్కలు కలిపి నూరారు. తర్వాత ఆ ముద్దని గుడ్డలో పెట్టి పిండారు. గుడ్డలోంచి ఒక చుక్క జారి ట్రేలో గుండ్రంగా దొర్లింది. వెండి కరిగిందేమో అనుకున్నా. కాదు, అది పాదరసం.

మొన్న మా ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. పన్నులో వెండి సిమెంట్ ఉంటే విషమట, వెంటనే తీయించుకోవాలట. అమ్మ ఫోన్ చేసి "తీయించేసుకోరా" అంది. తీయించుకోవాలా, వద్దా? అది తేలాలంటే ముందు దీని చరిత్ర తెలియాలి.

మనం వెండి సిమెంట్ అంటాం గానీ అందులో సిమెంటూ లేదు, వెండి ఒక్కటే కూడా కాదు. అసలు పేరు అమాల్గమ్. బరువులో దాదాపు సగం పాదరసం, మిగతాది వెండి, తగరం, రాగి కలిసిన పొడి, కొన్నింట్లో కొంచెం జింకు. పాదరసం గది వేడిలోనే ద్రవంగా ఉంటుంది. ఈ పొడిలో కలిస్తే ముందు మెత్తని ముద్ద అవుతుంది, కొన్ని నిమిషాల్లో బిగుసుకోవడం మొదలవుతుంది, పూర్తి బలం రావడానికి ఒక రోజు పడుతుంది. స్లాబ్ కాంక్రీట్ గుర్తు తెచ్చుకోండి. కరగకుండా మిగిలిన పొడి రేణువులు కంకర లాంటివి. పాదరసంతో కొత్తగా పుట్టిన పదార్థం వాటిని పట్టి ఉంచే సిమెంట్ లాంటిది.

ఇలాంటి వెండి ముద్ద ప్రస్తావన చైనాలో టాంగ్ రాజుల కాలం నాటి, 659లో వచ్చిన వైద్య గ్రంథంలో ఉంది. యూరప్‌లో దీన్ని వాడుకలోకి తెచ్చింది పారిస్‌లో ఒగుస్త్ తావో అనే ఆయన, 1800ల మొదట్లో. వెండి నాణేలు అరగదీసి ఆ పొడిని పాదరసంతో కలిపాడు. ఐడియా బాగుంది గానీ బిగుసుకునేటప్పుడు ముద్ద ఉబ్బేది. ఒక్కోసారి పన్నే పగిలేది.

1833లో క్రాకూర్ సోదరులు దీన్ని న్యూయార్క్ తీసుకెళ్లి, రాచరికం ఉట్టిపడే పేరొకటి పెట్టి జోరుగా అమ్మారు. బంగారం ఫిల్లింగ్ కంటే చవక, పని కూడా తొందరగా అయిపోతుంది. బంగారంతో పనిచేసే డెంటిస్టులకి మండింది. 1840లో పుట్టిన అమెరికన్ డెంటల్ సర్జన్ల సంఘం, మేము అమాల్గమ్ వాడం అని సభ్యుల చేత సంతకాలు పెట్టించింది. ఈ గొడవని చరిత్రలో అమాల్గమ్ యుద్ధం అంటారు. ఆ సంఘమే చీలిపోయి 1856కల్లా మూతపడింది. గమనించండి, అందులో పాదరసం మీద భయమూ ఉంది, వ్యాపారమూ ఉంది. మన ఫార్వర్డ్‌ల సంగతీ అంతే కదా!

గొడవని చల్లార్చింది కొలతలు. 1890ల్లో జి.వి. బ్లాక్ అనే డెంటిస్ట్ రకరకాల పాళ్లలో కలిపి, ఏది ఎంత ఉబ్బుతోందో, ఎంత కుంచించుకుపోతోందో కొలిచి ఒక ఫార్ములా తేల్చాడు. వెండి మూడింట రెండొంతులు, మిగతాది ఎక్కువగా తగరం. ఇందులో ఒక బగ్ మిగిలిపోయింది. తగరం, పాదరసం కలిసిన చోట పదార్థం బలహీనంగా ఉండి తుప్పు పట్టేది. 1960ల్లో రాగి పాలు పెంచారు. తగరం రాగితో జత కట్టింది, బగ్ ఫిక్స్ అయింది.

ఇక వాడే పద్ధతి. పాతకాలంలో ముద్దని అరచేతిలో వేసి నలిపేవాళ్లు. రెండు రకాలుగా తప్పు. పాదరసం చర్మానికి తగులుతుంది, ఆవిరి ఊపిరిలోకి పోతుంది. జింకు ఉన్న రకమైతే చెమట తడికి లోపల హైడ్రోజన్ పుట్టి, ఫిల్లింగ్ రోజుల తర్వాత ఉబ్బుతుంది. అందుకే కల్వం పోయి సీల్ చేసిన క్యాప్సూల్ వచ్చింది. మెషీన్‌లో పెడితే కొన్ని సెకన్లలో కలిసిపోతుంది. అంటే ఆ కల్వం పద్ధతిలో నాకంటే ఎక్కువ రిస్కు, రోజూ అదే గదిలో నూరుతూ కూర్చున్న వాళ్లకి.

మిగిలిన ముక్కలు ఎటు పోతాయి? సింక్‌లోకి పోతే కాలవలోకి, చెరువులోకి. నీటి అడుగు బురదలో బ్యాక్టీరియా పాదరసాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తుంది, అది చేపల్లో పేరుకుంటుంది. జపాన్‌లో మినమాట ఊరి జాలర్లకి 1956లో బయటపడిన జబ్బు ఈ మిథైల్ మెర్క్యురీ వల్లే. అక్కడ అది వచ్చింది ఫ్యాక్టరీ నుంచి, పళ్ల నుంచి కాదు. కానీ కొల్లేరు పక్కన పుట్టి, చేపల పులుసు తిని పెరిగిన మనకి ఆ ఊరి కథ వేరే ఊరి కథలా అనిపించదు. అందుకే మిగిలిన ముక్కల్ని గాలి చొరని డబ్బాలో దాచి విడిగా పంపాలి.

ఆ ఊరి పేరుతోనే 2013లో మినమాట ఒప్పందం వచ్చింది. మన దేశం 2018లో ఆమోదించింది. 2022లో పదిహేనేళ్లలోపు పిల్లలకి, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి అమాల్గమ్ వద్దన్నారు, డాక్టర్ తప్పనిసరి అంటే తప్ప. 2025 నవంబర్‌లో జెనీవాలో 2034ని ఆఖరి గడువుగా పెట్టారు. ఇప్పుడు మన దగ్గర పంటి రంగు కాంపోజిట్‌దే ఎక్కువ వాడకం.

మరి నా పన్ను? అమెరికా ఎఫ్‌డీఏ 2020లో చెప్పింది ఇదే: బాగున్న పాత ఫిల్లింగ్‌ని ఊరికే తీయించొద్దు. డ్రిల్ పెట్టినప్పుడే పాదరసం ఆవిరి ఎక్కువ వస్తుంది, మంచి పన్ను కూడా కొంత పోతుంది. పగిలినా, పక్కన మళ్లీ పుచ్చినా, అలర్జీ ఉన్నా అప్పుడు డాక్టర్‌తో మాట్లాడాలి.

అమ్మకి ఇదే చెప్పా. "సరే, అయితే పడుకునే ముందు పళ్లు తోముకో" అంది. రెండొందల ఏళ్ల చరిత్ర ఒక్క ముక్కలో తేల్చేసింది.