కాగితంలో లోతు: మదురై నాయుళ్ళు నేర్పిందీ, దాచిందీ



పోయిన ఆదివారం మన సంఘం పిల్లల బొమ్మల క్లాసులో ఆరో తరగతి పాప ఒక బావి గీసింది. మామూలు తెల్ల కాగితం, పెన్సిలు, అంతే. బల్ల మీద పెట్టి ఎదురుగా నిలబడి చూస్తే కాగితానికి బొక్క పడి, లోపలికి మెట్లు దిగుతున్నట్టే ఉంది. ఒక తాత వంగి వేలితో తడిమి చూశాడు. అందరం నవ్వాం. "ఎవరు నేర్పించారమ్మా?" అని అడిగితే, "ఫోన్‌లో చూసినాను తాతా, ఇది ఫారిన్ వాళ్ళ డ్రాయింగు" అంది.

ఆ మాటకే ఈ పోస్టు.

ఫారిన్ వాళ్ళది అన్నది సగం నిజం. దూరం పోయే గీతలన్నీ ఒక చుక్క దగ్గర కలిసేట్టు గీసే లెక్కను ఇటలీలో ఆల్బెర్టి 1435లో పుస్తకంగా రాశాడు. పాప బావిలో ఇంకో కిటుకు ఉంది. ఒక చోట నిలబడి చూసే కంటికి సరిపోయేలా బొమ్మను సాగదీసి గీస్తారు. పక్కకు జరిగితే వంకర. 1533లో హోల్బైన్ ఇద్దరు రాయబారుల బొమ్మ కింద ఒక పుర్రెను ఇలాగే సాగదీసి పెట్టాడు. అది ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది.

మిగతా సగం మన ఇంటి కథ.

తంజావూరు బొమ్మలు చూశారు కదా? పలక మీద గుడ్డ అంటించి, సుద్దపొడి, జిగురు కలిపిన ముద్దతో నగలనూ మంటపాన్నీ ఉబ్బెత్తుగా చేసి, పైన బంగారు రేకు అద్దుతారు. అక్కడ లోతు కంటికే కాదు, వేలికీ తగులుతుంది. బుగ్గల అంచున రంగు ముదురు చేసి ముఖానికి గుండ్రదనం తెస్తారు. ఈ పని చేసినవాళ్ళలో పేరుమోసినవాళ్ళు తంజావూరు, తిరుచ్చి రాజులు, మదురై నాయుళ్ళు. ఇద్దరూ తెలుగువాళ్ళే.

ఆ మదురై నాయుళ్ళలో ఒకరు అళగిరి నాయుడు. స్వాతి తిరునాళ్ మహారాజు (1829–1846) ఆయనను తిరువాన్కూరు కొలువులో పెట్టుకున్నాడు. ఆ దేశం మనకు దూరం కాదు. మన తిరుమంగళంలో మొదలయ్యే కొల్లం రోడ్డు రాజపాళయం, తెన్‌కాశి, సెంగోట్టై మీదుగా కనుమ దాటి అక్కడికే పోతుంది. అళగిరి నాయుడి దగ్గర కిళిమానూరు రాజరాజవర్మ బొమ్మలు నేర్చుకున్నాడు. ఆయన తన మేనల్లుడికి నేర్పాడు. ఆ మేనల్లుడే రాజా రవివర్మ.

ఇంతవరకు చెబితే మనవాళ్ళకు సంతోషం. తర్వాతిది కూడా చెప్పాలి.

రవివర్మ 1862లో పద్నాలుగేళ్ళ వయసులో తిరువనంతపురం చేరాడు. అక్కడి కొలువు చిత్రకారుడు రామస్వామి నాయకర్. ఈయనా నాయుడే. తైలవర్ణాలలో దిట్ట. నూనె రంగు మెల్లగా ఆరుతుంది కాబట్టి వెలుగునూ నీడనూ ఒకదానిలోకి ఒకటి కలుపుకుంటూ పోవచ్చు. చెయ్యి గుండ్రంగా కనబడటం, పట్టుచీర మడత లోపలికి పోవడం అలా వస్తాయి. ఆ విద్యను ఆ కుర్రవాడికి నేర్పడానికి నాయకర్ ఇష్టపడలేదని రవివర్మ జీవితం రాసినవాళ్ళు చెబుతారు. నాయకర్ శిష్యుడు ఆర్ముగం పిళ్ళై రాత్రిళ్ళు చాటుగా వచ్చి తెలిసింది చెప్పిపోయేవాడట. 1868లో వచ్చిన థియోడర్ జెన్సన్ అనే దొర కూడా నేర్పలేదు. తాను గీస్తుంటే చూడనిచ్చాడు, అంతే. రవివర్మ చూసి, చెరిపి, మళ్ళీ గీసి నేర్చుకున్నాడు. 1873లో మద్రాసు ప్రదర్శనలో బంగారు పతకం గెలిచాడు. 1894లో ఆయన పెట్టిన అచ్చుకూటం నుంచే లక్ష్మీ, సరస్వతీ పటాలు మన అవ్వల పూజగదుల దాకా వచ్చాయి.

ఇది రాస్తున్నానని చెబితే సంఘంలో ఒక పెద్దాయన, "నాయకర్ సంగతి ఎందుకురా, మనవాళ్ళ పరువు పోదూ?" అన్నాడు. మామా, ఆయనను నేను తప్పు పట్టడం లేదు. ఆ కాలంలో చేతి పనే కూడు. అదే కొలువులో పోటీకి వచ్చే కుర్రవాడికి ఎవరైనా నేర్పుతారా? కానీ జరిగింది చూడండి. నేర్పిన అళగిరి నాయుడి పేరు శిష్యుడి శిష్యుడితో బతికింది. నేర్పనన్న నాయకర్ పేరు, నేర్పలేదన్న మాటతోనే మిగిలింది. విద్య మాత్రం ఆగలేదు.

మన ఇళ్ళలో కూడా ఇదే భయం నేను చూశాను. మా తాతకు చుక్కలు పెట్టకుండా రథం ముగ్గు వేయడం వచ్చు. చక్రాలు నిజంగా తిరుగుతున్నట్టే ఉండేవి. మేము అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇప్పుడు అది వేసేవాళ్ళు మా ఇంట్లో లేరు.

కాబట్టి రెండు మనవులు. మీ ఇంట్లో పాత గాజుపటం, పలక బొమ్మ ఉంటే తడిగుడ్డతో తుడవకండి. ముందు ఫోటో తీయండి, వెనక ఏదైనా పేరు రాసి ఉందేమో చూడండి. రెండోది, బొమ్మో ముగ్గో చేతిలో ఉన్నవాళ్ళు వచ్చే ఆదివారం పిల్లల దగ్గరికి రండి. ఆ పాప బావి గీసింది. పక్కన రథం గీయడం ఎవరైనా నేర్పండి.