ట్యాబ్ నొక్కితే విచ్చుకునే కోడ్

కోడ్ ఎడిటర్‌లో ఫర్ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే లూప్ మొత్తం తెరమీద పరుచుకుంటుంది. కర్సర్ నేరుగా వేరియబుల్ పేరు రాయాల్సిన చోటికి వెళ్ళి ఆగుతుంది. పేరు ఒక్కచోట మారిస్తే లూప్‌లో అది వచ్చిన ప్రతిచోటా మారుతుంది. మళ్ళీ ట్యాబ్ నొక్కితే తర్వాతి ఖాళీ. ఇదే స్నిపెట్.

పొట్టి మాట కొడితే పొడుగు మాటగా విప్పే సదుపాయం పాతదే. 1970లలో పుట్టిన వీఐ, ఈమ్యాక్స్ ఎడిటర్లకు అబ్రీవియేషన్లు ఉన్నాయి. అవి మాట విప్పి ఊరుకునేవి. మార్చాల్సిన చోట్లు వెతుక్కోవడం ప్రోగ్రామర్ వంతు.

ఆ వెతుకులాట తప్పించే తేలికైన రాత టెక్స్ట్‌మేట్‌తో వచ్చింది. డెన్మార్క్‌కు చెందిన అలన్ ఓడ్‌గార్డ్ 2004 అక్టోబరులో మ్యాక్ కోసం విడుదల చేసిన ఎడిటర్ అది. డాలర్ గుర్తు పక్కన 1 ఉంటే కర్సర్ మొదట ఆగే చోటు, 2 ఉంటే ఆ తర్వాతది, 0 ఉంటే చిట్టచివరిది. డాలర్ పక్కన మీసాల బ్రాకెట్లలో అంకె, కోలన్, ఒక మాట రాస్తే ఆ మాట ముందే నిండి ఉంటుంది, నచ్చకపోతే దానిమీదే కొట్టేయవచ్చు. ఒకే అంకె రెండుచోట్ల వాడితే రెండుచోట్లా ఒకే పేరు పడుతుంది. అంతే వ్యాకరణం. అదే మైక్రోసాఫ్ట్ ఎడిటర్ విజువల్ స్టూడియో 2005 స్నిపెట్లనైతే ఎక్స్‌ఎంఎల్ ఫైళ్ళలో రాయాలి, ట్యాగుల మధ్య అసలు కోడ్ నలిగిపోతుంది. టెక్స్ట్‌మేట్ స్నిపెట్ చదివితే రాబోయే కోడే కళ్ళకు కడుతుంది. ఆ రాత నిలబడింది ఇందుకేనని నా నమ్మకం.

2005లో డేవిడ్ హైనెమాయర్ హాన్సన్ తన వెబ్ ఫ్రేమ్‌వర్క్ రూబీ ఆన్ రైల్స్‌తో పదిహేను నిమిషాల్లో బ్లాగు కట్టి చూపిన వీడియోలో వాడింది టెక్స్ట్‌మేటే. మ్యాక్ లేనివాళ్ళు చూస్తూ కూర్చోలేదు. వీఐ వారసుడైన విమ్‌కు స్నిప్‌మేట్, అల్టీస్నిప్స్, ఈమ్యాక్స్‌కు యాస్నిపెట్ ప్లగిన్లు తయారయ్యాయి.

2015లో వచ్చిన వీఎస్ కోడ్ ఎడిటర్ కూడా ఆ వ్యాకరణాన్నే తీసుకుంది. స్నిపెట్ లోపల షెల్ ఆదేశాలు నడిపే టెక్స్ట్‌మేట్ సదుపాయాన్ని మాత్రం వదిలేసింది. ఎవరో రాసిన ప్లగిన్‌ను నమ్మి పెట్టుకునే రోజుల్లో అది మంచి నిర్ణయం. ఇప్పుడు వీఎస్ కోడ్ ప్లగిన్‌కు కొత్త స్నిపెట్ చేర్చాలంటే ఒక జేసన్ ఫైలులో పిలుపు మాట, కోడ్, చిన్న వివరణ రాసి, ఏ భాషకో ప్లగిన్ మేనిఫెస్ట్‌లో చెబితే చాలు.

కోడ్‌ను విశ్లేషించే సర్వర్‌తో ఎడిటర్ మాట్లాడే పద్ధతిగా 2016లో ప్రకటించిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ నిర్వచనంలోకీ ఈ డాలర్ రాత చేరింది. సూచనల జాబితాలో ఫంక్షన్ పేరు ఎంచుకోగానే ఆర్గ్యుమెంట్ల చోట ఖాళీలు తెరుచుకుంటాయి కదా, అప్పుడు సర్వర్ ఎడిటర్‌కు పంపేది ఆ అంకెలనే.