హోమ్ ప్లేట్ వద్ద విరిగిన ఎముకలు, మారిన తీర్పులు

గాయాల చరిత్ర వైద్యగ్రంథాలలో మాత్రమే ఉండదు, ఆటల నియమావళులలోనూ ఉంటుంది. అమెరికా బేస్‌బాల్‌లో రన్నరూ క్యాచరూ ఢీకొన్నపుడు అంపైర్లు తీర్పు చెప్పే పద్ధతి అందుకు చక్కని ఉదాహరణ.

ఈ ఆట మనలో చాలామందికి పరిచయం లేనిది గనుక ముందుగా రెండు మాటలు. మూడవ బేస్ నుండి 90 అడుగులు పరుగెత్తి, 17 అంగుళాల వెడల్పు గల రబ్బరు పలకను తాకితే పరుగు లభిస్తుంది. ఆ పలకయే హోమ్ ప్లేట్. అక్కడ కాపు కాసే క్యాచర్ మన క్రికెట్‌లోని వికెట్ కీపర్ వంటివాడు. బంతిని చేతబట్టి, రన్నర్ పలకను చేరక ముందే అతనిని తాకగలిగితే ఔట్. ఇందులోని ప్రమాదాన్ని గమనించండి. రన్నర్ దృష్టి పలక మీద ఉంటుంది. క్యాచర్ దృష్టి దూరం నుండి వస్తున్న బంతి మీద ఉంటుంది. తనపైకి దూసుకువచ్చే మనిషిని అతడు చాలాసార్లు చూడనే చూడడు. దెబ్బ వస్తున్నదని తెలిసినపుడు మెడ కండరాలు బిగుసుకొంటాయి, మోకాళ్లు వంగుతాయి. తెలియని శరీరానికి ఆ పాటి రక్షణ కూడా లేదు.

పూర్వం అంపైర్ ప్రధానంగా రెండే చూచేవాడు: రన్నర్ పలకను తాకినాడా, ఢీకొన్న తరువాత కూడా బంతి క్యాచర్ చేతిలో నిలిచినదా. బంతి జారిపోతే రన్నర్ సేఫ్. అనగా భుజం వంచి బలంగా గుద్దడమే రన్నర్‌కు లాభం. చేతిలో బంతి లేని క్యాచర్ దారిని అడ్డగించరాదన్న మాట నియమావళిలో అప్పటికే ఉన్నది గాని, మైదానంలో దానిని అమలు చేసిన సందర్భాలు తక్కువ. ప్రేక్షకులకు ఆ ఢీ ఒక వినోదం. ఆటగాళ్లకు మగతనానికి పరీక్ష.

1970 జూలై 14న సిన్సినాటీలో జరిగిన ఆల్ స్టార్ పోటీలో, 12వ ఇన్నింగ్స్‌లో, పీట్ రోజ్ గెలుపు పరుగు కోసం వచ్చి రే ఫాసీని గుద్దినాడు. ఫాసీ ఎడమ భుజం దెబ్బతిన్నది. మొదటి ఎక్స్‌రేలో పగులు కనబడలేదు. అతడు ఆట కొనసాగించినాడు. పగులు మరుసటి ఏడాది బయటపడినది. నాటికి ఎముక సరిగా అతుకుకోలేదు. ఆ నొప్పి ఏళ్ల తరబడి అతనిని వదలలేదు. ఇక్కడ ఒక్క మాట చెప్పక తప్పదు: మొదటి చిత్రంలో కనబడని పగుళ్లు కొన్ని వారం, పది రోజుల తరువాత తీసినపుడు కనబడతాయి. నొప్పి తగ్గకపోతే, ఎక్స్‌రే బాగున్నదన్న ధైర్యంతో ఊరుకోకండి.

నియమాన్ని కదిలించడానికి మరి నాలుగు దశాబ్దాలు పట్టినది. 2011 మే 25న శాన్ ఫ్రాన్సిస్కోలో, మరల 12వ ఇన్నింగ్స్‌లోనే, ఫ్లోరిడా మార్లిన్స్ రన్నర్ స్కాట్ కజిన్స్ క్యాచర్ బస్టర్ పోసీని ఢీకొన్నాడు. బంతి పోసీ చేతిలో నిలువలేదు. అతని కాలు శరీరం కింద మడతపడినది. పాదం కదలక, పైనున్న బరువు మెలితిరిగినపుడు చీలమండ స్నాయువులు తెగుతాయి. పోసీకి ఫిబులా ఎముక విరిగినది, స్నాయువులు చినిగినవి, ఆ సీజన్ ముగిసినది. నాటి నియమం ప్రకారం కజిన్స్ చేసినది తప్పు కాదు. అంపైర్ సేఫ్ అన్నాడు. అది సరియైన తీర్పే. నా దృష్టిలో అసలు చిక్కు అక్కడే ఉన్నది.

మెదడు గాయాల మీద పెరుగుతున్న భయం కూడా తోడైనది. మాస్క్ పుర్రెను కాపాడగలదు గాని, పుర్రె లోపల మెదడు కదలడాన్ని ఆపలేదు. మాస్క్‌కు పదేపదే తగిలిన బంతుల వలన కలిగిన మెదడు అదురుతోనే మైక్ మాథెనీ అనే క్యాచర్ 2007లో ఆట మానవలసి వచ్చినది. తరువాత సెయింట్ లూయీ జట్టుకు మేనేజర్ అయి, ఈ ఢీలను నిషేధించాలని బహిరంగంగా కోరినవారిలో అతడొకడు.

2014 ఫిబ్రవరిలో కొత్త నియమం వచ్చినది. రన్నర్ తన సూటి దారిని వదలి క్యాచర్‌ను గుద్దడానికి మళ్లితే, బంతి జారినా అతడే ఔట్. చేతిలో బంతి లేకుండా క్యాచర్ దారిని అడ్డగిస్తే రన్నర్ సేఫ్. బంతిని అందుకొనే ప్రయత్నంలో అడ్డురాక తప్పని స్థితికి మాత్రం మినహాయింపు ఉన్నది. అంపైర్ దేనిని చూడాలో కూడా వ్రాసినారు: భుజం వంచినాడా, చేతులతోనో మోచేతులతోనో నెట్టినాడా, పలకను తాకే ప్రయత్నమే చేయలేదా. కాళ్లు ముందుగా జారితే పిరుదులూ కాళ్లూ, తల ముందుగా జారితే దేహమూ ఢీకి ముందే నేలను తాకినవా అన్నది మరొక గుర్తు. రోగి చెప్పిన దాని కంటె శరీరం చూపే లక్షణాలను వైద్యుడు నమ్మినట్లే, మనసులోని ఉద్దేశాన్ని ఊహించే పని అంపైర్‌కు చాలావరకు తప్పినది.

చిక్కులు లేకపోలేదు. 2014 జూలై 31న మయామీలో, సిన్సినాటీ రన్నర్ జాక్ కోజార్ట్ పలకకు చాలా దూరంలో ఉండగానే బంతి క్యాచర్‌కు అందినది. అయినా ఆరు నిమిషాల రీప్లే పరిశీలన తరువాత, బంతి రాకముందే క్యాచర్ దారిలో నిలిచినాడన్న కారణంతో, ఔట్‌ను సేఫ్‌గా మార్చినారు. విమర్శలు వెల్లువెత్తినవి. సెప్టెంబరులో వివరణ వెలువడినది: అడ్డగింపు లేకపోయినా రన్నర్ ఔటయ్యేవాడే అయితే, దానిని తప్పుగా లెక్కించరాదు.

2019 జూలై 7న హ్యూస్టన్‌లో జేక్ మారిస్నిక్, క్యాచర్ జొనాథన్ లుక్రాయ్‌ను ఢీకొన్నాడు. లుక్రాయ్ ముక్కు విరిగినది, మెదడు అదిరినది. అతనిని బండిపై మైదానం వెలుపలికి తీసికొనిపోయినారు. హాని చేయాలన్న తలంపు తనకు లేదని మారిస్నిక్ అన్నాడు. బహుశా నిజమే. అంపైర్లు రీప్లేలో చూచినది మాత్రం అతని అడుగులను. ఔట్ ప్రకటించినారు. కొద్ది రోజులకు రెండు ఆటల నిషేధం కూడా పడినది.