బాసెల్ కుందేళ్ళు

పోయిన వేసవిలో మా టీములో ఒకతను చిన్న గాజుసీసా చూపించాడు. అడుగున తెల్లటి పొడి, లేబుల్ మీద డీఎస్ఐపీ అని నాలుగు అక్షరాలు, కింద సన్నగా ‘పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు’ అని. "పడుకునే ముందు చిన్న సూది, అంతే" అన్నాడు. నాలుగేళ్ళుగా అమెరికా వేళల్లో పనిచేస్తూ, తెల్లవారుజామున ఫ్యాను రెక్కలు చూస్తూ పడుకునేవాడిని. ఆశ పుట్టలేదంటే అబద్ధం. కానీ ఏ కోడునైనా వాడేముందు అదెవరు రాశారో చూడందే నాకు తోచదు.

అలా వెతుకుతూ పోతే పారిస్‌లో ఆన్రీ పియెరాన్ దగ్గర తేలాను. 1913 నాటికే ఆయన, లెజాండ్రు కలిసి కుక్కల్ని రోజుల తరబడి నిద్రపోనివ్వకుండా ఉంచి, వాటి మెదడు చుట్టూ ఉండే ద్రవాన్ని తీసి, కంటినిండా నిద్రపోయిన కుక్కలకి ఎక్కించి చూశారు. అవి కునుకు తీశాయి. మెలకువలో ఏదో విషం పోగవుతుందనుకుని దానికి హిప్నోటాక్సిన్ అని పేరు పెట్టారు. అదేమిటో తేల్చే సాధనాలు అప్పట్లో లేవు.

ఆ పని స్విట్జర్లాండులోని బాసెల్‌లో మార్సెల్ మోనియే చేతికొచ్చింది. కుందేలు మెదడులో థాలమస్‌కి సన్నటి కరెంటు ఇచ్చి నిద్రపుచ్చడం, దాని రక్తాన్ని వడపోసి ఇంకో కుందేలుకి ఎక్కించడం, గాఢనిద్రలో కనిపించే డెల్టా తరంగాలు పెరుగుతాయేమో చూడడం. పెరిగాయి. షోనెన్‌బెర్గర్‌తో కలిసి ఆ రక్తాన్ని శుద్ధి చేస్తూ పోయి, 1977లో ఆ పెప్టైడ్ నిర్మాణం ప్రకటించారు: ట్రిప్టోఫాన్‌తో మొదలై గ్లుటామిక్ ఆమ్లంతో ముగిసే తొమ్మిది అమైనో ఆమ్లాలు. ల్యాబులో తయారుచేసిన నకలు కూడా వాళ్ళ కుందేళ్ళలో పనిచేసింది.

మనుషుల దగ్గరికొచ్చేసరికి కథ తడబడింది. నిద్రలేమి రోగుల మీద చేసిన పరీక్షల్లో లాభం కనబడితే కొంచెమే కనబడింది. నన్ను ఆపింది మాత్రం ఇంకోటి. మన ఒంట్లో ఇలాంటి పెప్టైడ్లు మామూలుగా ఓ పెద్ద ప్రొటీన్ నుంచి తెగి వస్తాయి, ఆ ప్రొటీన్‌కి జన్యువు ఉండాలి. దీనికి జన్యువూ దొరకలేదు, రిసెప్టరూ దొరకలేదు. మా భాషలో చెప్పాలంటే అవుట్‌పుట్ కనిపిస్తోంది, సోర్సు కోడు మాత్రం ఎక్కడా లేదు. 2006లో రష్యన్ శాస్త్రవేత్త కొవాల్జోన్, ఇంకొకరితో కలిసి రాసిన సమీక్షలో దీన్ని ఇంకా వీడని చిక్కుముడి అనే అన్నాడు. మెదడుకి రక్తం ఆపిన ఎలుకల్లో ఇది కదలికలు కోలుకోడానికి సాయపడిందని తర్వాత కొన్ని ప్రయోగాలొచ్చాయి. కొట్టిపారేయను గానీ, అవి ఎలుకలు.

పక్కనే ఒరెక్సిన్ కథ చూడండి. 1998లో రెండు బృందాలు విడివిడిగా పట్టుకున్నాయి, జన్యువుతో సహా. రెండేళ్ళలో నార్కోలెప్సీ రోగుల మెదడులో అది లోపించిందని తేలింది. దాన్ని అడ్డుకునే నిద్రమాత్ర సువోరెక్సాంట్‌కి 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది. తమాషా ఏమిటంటే ఒరెక్సిన్ నిద్ర తెచ్చేది కాదు, మెలకువని నిలబెట్టేది. పియెరాన్ నాటి నుంచీ అందరూ నిద్రపుచ్చే రసం కోసమే వెతికారు.

మావాడు మూడు వారాలు సూది వేసుకున్నాడు. నిద్ర బ్రహ్మాండంగా పట్టిందంటాడు. ఆ మూడు వారాలూ అతను రాత్రి కాల్స్ లేకుండా సెలవులో ఉన్నాడు.