ఇల్లు కొనడం, అమ్మడం: వ్రాతపూర్వక ఒప్పందం చరిత్ర

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా!

మన మహల్లాల్లో ఇల్లు చేతులు మారేటప్పుడు తరచుగా వినిపించే మాట ఒకటుంది: "మనం మనం ఒకటే, మన మధ్య కాగితాలెందుకు భాయ్?" ఈ మాటలో ఆప్యాయత ఉంది. కాని ఇరవై ఏళ్ళు గడిచి, మాట ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ కన్నుమూసిన తరువాత, అదే ఇంటి గడప దగ్గర ఇరువైపుల సంతానం తగవుకు నిలుస్తుంది. అప్పుడు ఆ ఇంటి వితంతువు చేతిలో మిగిలేది ఒక తెల్లకాగితం మాత్రమే. కాగితం అడగడం అపనమ్మకమనీ, అడగకపోవడమే ధర్మమనీ మనలో కొందరు భావిస్తారు. ఇస్లాం చరిత్ర ఈ భావనను సమర్థిస్తుందా? ఈ శుక్రవారం మనం పరిశీలిద్దాం.

క్రీ.శ. 622లో దైవప్రవక్త (స) మదీనా చేరిన తరువాత మస్జిద్ నిర్మాణానికి ఒక స్థలాన్ని ఎంచుకున్నారు. అది ఖర్జూరాలు ఆరబెట్టే కళ్ళం. సహ్ల్, సుహైల్ అనే ఇద్దరు అనాథ బాలుర ఆస్తి. దైవప్రవక్త (స) వారిని పిలిపించి ధర అడిగారు. తాము దానిని కానుకగానే ఇస్తామన్నారు ఆ బాలురు. ఆయన కానుకగా స్వీకరించడానికి అంగీకరించలేదు, ధర చెల్లించి కొన్నారు. కట్టబోయేది అల్లాహ్ గృహం, అడుగుతున్నది అల్లాహ్ ప్రవక్త (స), ఇచ్చేవారు మనస్ఫూర్తిగా ఇస్తున్నారు. అయినా అనాథల ఆస్తి విలువ చెల్లించకుండా చేతులు మారలేదు. ముస్లిం సమాజపు తొలి స్థిరాస్తి కొనుగోళ్ళలో ఒకటి ఇలా జరిగింది.

ఆ తరువాత మదీనాలోనే దివ్య ఖుర్ఆన్‌లోని అన్నింటికంటే పొడవైన ఆయతు అవతరించింది. అది నమాజు గురించి గాని, ఉపవాసం గురించి గాని కాదు. అల్ బఖరా సూరాలోని ఆ 282వ ఆయతు బాకీలనూ లావాదేవీలనూ వ్రాసుకోవడం గురించినది. గడువుతో కూడిన బాకీని వ్రాసుకోమని, లేఖకుడు న్యాయంగా వ్రాయాలని, బాకీపడినవాడే చెప్పి వ్రాయించాలని, అతడు అశక్తుడైతే సంరక్షకుడు వ్రాయించాలని అది ఆదేశిస్తుంది. క్రయవిక్రయాలకు సాక్షులను పెట్టుకోమంటుంది. లేఖకునికి, సాక్షికి హాని కలిగించరాదని హెచ్చరిస్తుంది. ఈ ఆదేశాలు ఎవరిని ఉద్దేశించినవో గమనించండి. పరస్పరం అనుమానించుకునే శత్రువులను కాదు, విశ్వాసులను.

సోదరులారా! ఇంటి అమ్మకానికి సంబంధించి సహీహ్ బుఖారీలో ఒక సంఘటన ఉంది. దైవప్రవక్త (స) విముక్తి కలిగించిన అబూ రాఫె (రజి) గారికి, హజ్రత్ సాద్ బిన్ అబీ వఖాస్ (రజి) ఇంటి ఆవరణలో రెండు గదులు ఉండేవి. వాటిని కొనమని ఆయన సాద్ (రజి) గారిని కోరారు. సాద్ (రజి) నాలుగు వేలకు మించి ఇవ్వలేనన్నారు, అదీ వాయిదాలలో. బయటివారు అప్పటికే 500 దీనార్లు ఇవ్వజూపారు. ఆనాటి మారకంలో అది 5,000 దిర్హములకు తక్కువ కాదు. అయినా అబూ రాఫె (రజి) తక్కువ ధరకు, పొరుగువారికే అమ్మారు. పొరుగువానికి సామీప్యం వల్ల అధిక హక్కు ఉందని తాను దైవప్రవక్త (స) నోట విన్నందువల్లనే ఇలా ఇస్తున్నానని చెప్పారు.

ఈ హక్కునే ధర్మశాస్త్రంలో 'షుఫా' అంటారు. విభజన కాని ఉమ్మడి ఆస్తిలో భాగస్వామికి ముందుగా కొనే హక్కు ఉందని, హద్దులు ఏర్పడి దారులు వేరైన తరువాత ఆ హక్కు ఉండదని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు. పొరుగువాని హక్కు ఎంతవరకు అన్న విషయంలో ధర్మవేత్తల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. కాని ఇల్లు అమ్మడమంటే ఇద్దరి మధ్య బేరం మాత్రమే కాదన్న సంగతి ఇందులో స్పష్టం. అక్కడ లేని మూడవ వ్యక్తి హక్కు కూడా అందులో ఉంటుంది.

ఆ మూడవ వ్యక్తి హక్కును కాపాడేందుకే మన పూర్వీకులు పత్రరచనను ఒక శాస్త్రంగా తీర్చిదిద్దారు. దానిపేరు 'షురూత్'. క్రీ.శ. 933లో మరణించిన ఈజిప్టు హనఫీ పండితుడు ఇమామ్ తహావీ ఈ విషయంపై గ్రంథాలే రచించారు. ఇంటి నాలుగు హద్దులు, నేల, కట్టడం, దారి ఎలా పేర్కొనాలి? రేపు మరొకరు వచ్చి ఇల్లు తమదంటే అమ్మినవాడు ఎలా బాధ్యత వహించాలి? ఇవన్నీ ఆయన వివరించారు. ఔరంగజేబు కాలంలో మన దేశంలో కూర్చిన ఫతావా ఆలమ్‌గీరీలోనూ షురూత్‌కు ఒక అధ్యాయం ఉంది.

ఇది గ్రంథాలకే పరిమితమైన విద్య కాదు. ఈజిప్టులో దొరికిన పాపిరస్ పత్రాలలో వెయ్యేళ్ళ నాటి ఇంటి విక్రయ పత్రాలు ఉన్నాయి. వాటిలో నాలుగు దిక్కుల హద్దులు, ధర, సాక్షుల వాఙ్మూలాలు కనిపిస్తాయి. అరబ్బీ రాని స్థానికులు అమ్మినప్పుడు, పత్రాన్ని చదివి వారి భాషలో వివరించినట్లు కొన్నింటిలో నమోదు చేశారు. తనకు అర్థం కాని పత్రంపై ఎవరినీ బాధ్యుణ్ణి చేయరాదన్న జాగ్రత్త అది. నేడు మనలో ఎందరు తమ దస్తావేజు చదివించుకొని సంతకం పెడుతున్నారు?

ఈ సంప్రదాయపు జాడ మన తెలుగులోనే మిగిలి ఉంది. హదీసులోని 'హుదూద్' మన 'హద్దులు' ఒకే మాట. హక్కు, షరతు అరబ్బీ నుండి, దస్తావేజు ఫార్సీ నుండి వచ్చాయి. బేరం కుదిరినప్పుడు ఇచ్చే 'బయానా'లో ఉన్నది విక్రయమనే అర్థం గల 'బై' అన్న అరబ్బీ మాటే. తెలంగాణ పల్లెల్లో తెల్లకాగితంపై రాసుకున్న భూమి కొనుగోలును 'సాదాబైనామా' అంటారు. అలాంటి కొనుగోళ్ళ క్రమబద్ధీకరణ కోసం ప్రభుత్వం 2016లోనూ 2020లోనూ దరఖాస్తులు పిలిచినప్పుడు లక్షలాదిగా వచ్చాయి. మాట మీద కొన్నవారి కష్టం ఎంత విస్తృతమో దీనిని బట్టి తెలుస్తుంది.

ఇక నేటి చట్టం సంగతి. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 54వ సెక్షన్ ప్రకారం, 100 రూపాయలు, అంతకు మించిన విలువగల ఇల్లు రిజిస్టరైన విక్రయ దస్తావేజు ద్వారానే చేతులు మారుతుంది. బయానా ఇచ్చి రాసుకున్న ఒప్పందం మాత్రమే ఇంటిపై హక్కును కలిగించదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ కాగితాలతో జరిపే అమ్మకం యాజమాన్యాన్ని బదలాయించదని 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం, సంతకాలు చేసిన నాలుగు నెలలలోపు దస్తావేజును సబ్ రిజిస్ట్రారు ముందు దాఖలు చేయాలి.

కనుక కొనేవారు బయానా ఇవ్వకముందే పాత లింకు దస్తావేజులు చూడాలి. తాకట్టులు, పాత అమ్మకాలు తెలిపే ఈసీ తీయించాలి. రిజిస్ట్రేషన్ తరువాత మున్సిపాలిటీ లేదా పంచాయతీ రికార్డులలో పేరు మార్పించుకోవాలి. అమ్మేవారు తమకు తెలిసిన లోపాలను దాచరాదు. 1882 చట్టం 55వ సెక్షన్ చెప్పేదీ ఇదే. ఇరువురూ నిజం చెప్పి లోపాలు బయటపెడితే ఆ బేరంలో శుభం ఉంటుందని, దాచి అబద్ధమాడితే శుభం తుడిచిపెట్టుకుపోతుందని దైవప్రవక్త (స) ఏనాడో బోధించారు. స్టాంపు సుంకం తగ్గించుకోవడానికి అసలు ధర దాచి తక్కువ వ్రాయించడం కూడా అబద్ధమే. సాక్షి సంతకం అబద్ధానికి తోడు కారాదు.

అన్నింటికంటే ముఖ్యంగా, తండ్రి వదిలిన ఇంటిని అన్నదమ్ములే అమ్ముకొని అక్కచెల్లెళ్ళను మరచిపోవడం మన సమాజంలోని పెద్ద అన్యాయం. ఆస్తి కొంచెమైనా, ఎక్కువైనా అందులో స్త్రీలకు వాటా ఉందని అన్నిసా సూరా 7వ ఆయతు నిర్ణయించింది. వారసులందరి సమ్మతి, సంతకాలు లేకుండా అలాంటి ఇంటిని అమ్మరాదు, కొనరాదు. "చెల్లెలు అడగలేదు" అన్నది సమాధానం కాదు. ఆ అనాథ బాలురు కూడా ధర అడగలేదు. దైవప్రవక్త (స) చెల్లించారు.

సోదరులారా! కాగితం అడిగితే బంధుత్వం చెడదు. మన తరువాత మన పిల్లలు తగవులాడుకోకుండా అది కాపాడుతుంది. ఇంట్లో ఉన్న దస్తావేజులను ఈ వారమే ఒకసారి తీసి చూడండి. ఎవరి వాటా అయినా మిగిలి ఉంటే ఊపిరి ఉండగానే చెల్లించండి.

ఓ అల్లాహ్! మా ఇళ్ళను హలాల్ సంపాదనతో నింపు. ఇతరుల హక్కు మా గోడలలో మిగలకుండా మమ్మల్ని కాపాడు. ఆమీన్.